కుక్క, దీవి, చేపల వేట: గ్రంథాలయ పుస్తకాలతో ఒక దీవిని చదువుకోవడం ఎలా

హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో, విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కనిపించే ల్యాబ్రడార్ కుక్కల పూర్వీకులు కాడ్ చేపల వేటకు వెళ్ళే పడవల్లో పెరిగాయి. కెనడా తూర్పు అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద దీవి వాటి పుట్టిల్లు. అక్కడి జాలర్ల దగ్గర పొట్టి వెంట్రుకల నల్లటి కుక్క ఒకటి ఉండేది. దాన్ని సెయింట్ జాన్స్ వాటర్ డాగ్ అనేవాళ్ళు. మంచునీళ్ళలోకి దూకి వల తాడు అందుకొచ్చేది, గాలం నుంచి జారిన చేపను నోట కరిచి తెచ్చేది. ఎండు కాడ్ వ్యాపారం చేసే ఓడల మీద ఇంగ్లండులోని పూల్ రేవుకు చేరిన ఈ కుక్కల్ని మామ్స్‌బరీ ఎర్ల్ లాంటి ప్రభువులు కొని, తుపాకీ దెబ్బకు పడిన పక్షుల్ని ఏరి తేవడానికి పెంచారు. 1903లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ ల్యాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. పుట్టిన దీవిలో మాత్రం మూల జాతి అంతరించిపోయింది. 1980ల తొలినాళ్ళలో ఒక మారుమూల పల్లెలో ఫొటోకు దొరికిన రెండు ముసలి మగ కుక్కలే చివరివి.

ఈ కథ మొత్తం ఏ ఒక్క పుస్తకంలోనూ దొరకదు. కుక్కల పుస్తకాల్లో జాతి లక్షణాలు, విశ్వాసం, యజమాని కన్నీళ్ళు ఉంటాయి. ఆ కుక్క ఎవరి పడవలో ఎందుకు ఉందో ఉండదు. చేపల పల్లెల మీద రాసిన పుస్తకాల్లో వలలు, అప్పులు, తుఫానులు, ధరలు ఉంటాయి. కుక్క మాత్రం ఎక్కడో ఒక్క వాక్యంలో గుమ్మం దగ్గర పడుకుని కనిపించి మాయమవుతుంది. ఈ రెండు రకాల పుస్తకాలనూ జంటగా చదవాలన్నది నా గట్టి నమ్మకం. దీవిలో మనిషి కుక్కను ప్రేమించాడంటే, ఆ ప్రేమ ఇద్దరూ కలిసి చేసిన పనిలోంచి వచ్చింది. పని తెలియకుండా ప్రేమ కథ చదివితే సగమే చదివినట్టు. అందుకు ఏ పుస్తకాలు వెతకాలి, ఎక్కడ వెతకాలి, ఏ వరసలో చదవాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

మొదటి అడుగు: ఒక్క దీవిని ఎంచుకోండి

"దీవులు", "కుక్కలు" అని విడివిడిగా మొదలుపెడితే పుస్తకాల కుప్ప పెరుగుతుంది తప్ప ఏదీ మనసుకు పట్టదు. ఒక్క దీవిని తీసుకుని దాని మీద నాలుగైదు పుస్తకాలు చదవండి. ఎంపికలో మూడు విషయాలు చూసుకోవాలి. ఆ దీవి మనిషి స్వయంగా రాసిందో చెప్పిందో కనీసం ఒక పుస్తకం ఉండాలి. అక్కడి కుక్కకు ఏదో ఒక పని ఉండి ఉండాలి. బయటి ప్రభుత్వాల రికార్డులు, చరిత్రలు కూడా దొరకాలి. లేకపోతే జ్ఞాపకాన్ని దేనితోనూ పోల్చి చూసుకోలేం.

మొదటిసారి చదివేవాళ్ళకు న్యూఫౌండ్‌లాండ్‌నే సిఫారసు చేస్తాను. కుక్క, చేప, మనిషి ముగ్గురి చరిత్రా అక్కడ ముడిపడినంతగా నాకు మరెక్కడా కనబడలేదు. పుస్తకాలు కూడా విస్తారంగా ఉన్నాయి.

ఐర్లండు పడమటి కొసన ఉన్న గ్రేట్ బ్లాస్కెట్ ఇంకో మంచి ఎంపిక. 1953లో ఖాళీ అయిన ఆ చిన్న దీవి నుంచి జాలర్లు, గృహిణులు చెప్పిన, రాసిన ఆత్మకథలు వచ్చాయి. స్కాట్లండుకు దూరంగా అట్లాంటిక్‌లో ఉన్న సెయింట్ కిల్డా గురించి చాలామంది వినే ఉంటారు. అక్కడివాళ్ళు చేపల కన్నా సముద్రపక్షుల మీదే ఎక్కువ ఆధారపడి బతికారు కాబట్టి చేపల పల్లె కోసం చూసేవాళ్ళకు అది సరిగ్గా సరిపోదు. కానీ కుక్కల కోసం చదవాల్సిన చోటే. ఎందుకో తరువాత చెబుతాను.

మనకు దగ్గరగా కావాలంటే అండమాన్ ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఆ దీవులు మనకు పరాయివి కావు. కుక్కల చరిత్రలో కూడా అండమాన్‌కు అరుదైన చోటు ఉంది. 1858లో బ్రిటిష్‌వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస పెట్టేదాకా అక్కడి ఆదివాసుల దగ్గర కుక్కలే లేవు. వచ్చిన కొద్ది కాలానికే అవి అడవి పందుల వేటలో వాళ్ళకు తోడయ్యాయి. మనుషులు వేల ఏళ్ళుగా ఉన్న చోటికి కుక్క కొత్తగా రావడం, వాళ్ళు దాన్ని తమలో కలుపుకోవడం రాతపూర్వకంగా నమోదైన సందర్భాలు ప్రపంచంలో చాలా తక్కువ. మానవశాస్త్రవేత్త ర్యాడ్‌క్లిఫ్–బ్రౌన్ 1922లో ప్రచురించిన అండమాన్ దీవుల అధ్యయనం విశ్వవిద్యాలయాల మానవశాస్త్ర విభాగాల్లో దొరుకుతుంది. దాని భాష పాతది, చూపు వలస పాలకుల కాలంనాటిది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

రెండో అడుగు: గ్రంథాలయంలో ఏ బీరువా దగ్గరికి వెళ్ళాలి

డ్యూయీ దశాంశ పద్ధతిలో పుస్తకాలు అమర్చే గ్రంథాలయమైతే పని తేలిక. 636 పెంపుడు జంతువులు, అందులో 636.7 కుక్కలు. 639.2 చేపల వేట. మధ్యలో పాలూ వెన్నల 637, తేనెటీగలూ పట్టుపురుగుల 638 మాత్రమే ఉన్నాయి. అంటే మీకు కావలసిన రెండు విషయాలూ చాలాచోట్ల ఒకే బీరువాలో రెండు మూడు అరల తేడాలో ఉంటాయి. అయితే ఆ అరల్లో దొరికేవి ఎక్కువగా పెంపకం, శిక్షణ, వేట పద్ధతుల పుస్తకాలు. మనుషుల జీవితం వేరే చోట ఉంటుంది. న్యూఫౌండ్‌లాండ్ చరిత్రకు 971.8, అండమాన్ నికోబార్‌కు 954.88, పల్లె సమాజాల అధ్యయనాలకు 307.72 చూడండి. కథలూ నవలలూ 800ల్లో భాషలవారీగా ఉంటాయి. తెలుగు సాహిత్యం 894.827.

మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కొన్నింటిలో రంగనాథన్ కోలన్ పద్ధతి ఉంటుంది. అక్కడ ఈ అంకెలు పనిచేయవు, కేటలాగులో విషయం పేరుతోనే వెతకాలి. మండల కేంద్రాల్లోని శాఖా గ్రంథాలయాల్లో నవలలు, పిల్లల పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు అని స్థూలంగా సర్ది ఉంచుతారు. అలాంటి చోట అంకె చెప్పడం కన్నా "జాలర్ల జీవితం మీద కథలు, నవలలు ఏమున్నాయండీ?" అని గ్రంథపాలకుణ్ణి అడగడం మేలు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసినవాళ్ళకు ఏ పుస్తకం ఏ మూల ఉందో కేటలాగు కన్నా బాగా తెలుసు.

కంప్యూటర్ కేటలాగులో వెతికేటప్పుడు ఒక్క మాటతో ఆగిపోకండి. ఇంగ్లీషు పుస్తకాలకు విషయ శీర్షికలుగా ఫిషింగ్ విలేజెస్, ఐలాండ్స్, వర్కింగ్ డాగ్స్, హ్యూమన్–యానిమల్ రిలేషన్‌షిప్స్ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. పాత రికార్డుల్లో ఫిషర్‌మెన్ అని ఉన్నదే కొత్తవాటిలో ఫిషర్స్ అయింది కాబట్టి రెండూ ప్రయత్నించాలి. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మత్స్యకారులు, జాలరులు, జాలర్లు, బెస్తలు, పల్లెకారులు అని ఎవరికి తోచినట్టు వాళ్ళు నమోదు చేసి ఉంటారు. కుక్క అని వెతికితే రానిది శునకం అంటే రావచ్చు, జాగిలం అంటే రావచ్చు. దీవి, ద్వీపం, లంక మూడూ చూడండి. ముఖ్యంగా లంక. కృష్ణా గోదావరుల్లో, కొల్లేటిలో నీళ్ళ నడుమ బతికిన ఊళ్ళ కథలు ఆ మాట కిందే ఉంటాయి. అక్కినేని కుటుంబరావు నవల "కొల్లేటి జాడలు" లాంటివి అలా వెతికితే బయటపడవచ్చు.

తెలుగు అర దగ్గర ఉండగానే కవిత్రయ భారతం కూడా తీసుకోండి. తిరుమల తిరుపతి దేవస్థానం అర్థతాత్పర్యాలతో ప్రచురించిన సంపుటాలు చాలా గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆదిపర్వం తొలి ఘట్టాల్లోనే నన్నయ ఒక కుక్క కథ చెబుతాడు. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఆడుకుంటూ వెళ్ళిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు కారణం లేకుండా కొడతారు. తల్లి సరమ వచ్చి రాజును నిలదీసి, అనుకోని భయాలు తప్పవని చెప్పి వెళ్తుంది. చివర మహాప్రస్థానంలో, తిక్కన చేతిలో, ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఇక ఈ కథంతా చెప్పిన వ్యాసుడు ఎవరు? దాశరాజు ఇంట పెరిగి, పడవ నడిపిన సత్యవతికి యమున నడుమ దీవిలో పుట్టిన బిడ్డ. కుక్క, దీవి, జాలరి ఇల్లు మూడూ మన ఆదికావ్యంలోనే ఉన్నాయి. అట్లాంటిక్ దాకా వెళ్ళేముందు ఈ రెండు ఘట్టాలూ చదివితే, కుక్క గురించి మన పెద్దలు ఏం ఆలోచించారో తెలిసి అక్కడి పుస్తకాలను మన కళ్ళతో చదవగలుగుతాం.

మూడో అడుగు: దగ్గర లేనివి తెప్పించుకోవడం

న్యూఫౌండ్‌లాండ్ పల్లెల మీద రాసిన పుస్తకాలు మన జిల్లా కేంద్ర గ్రంథాలయంలో దొరకడం కష్టం. మార్గాలు లేకపోలేదు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, హైదరాబాదులో ఉస్మానియా గ్రంథాలయం లాంటి చోట్ల మానవశాస్త్రం, భూగోళశాస్త్రం విభాగాల కోసం కొన్న పాత పుస్తకాలు ఉంటాయి. బయటివాళ్ళను అక్కడే కూర్చుని చదువుకోనిచ్చే నిబంధనలు ఏమున్నాయో ముందు ఫోను చేసి కనుక్కోండి. మీరు చదివే కళాశాల డెల్‌నెట్ (గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు అరువిచ్చుకునే వ్యవస్థ) సభ్యురాలైతే వేరే గ్రంథాలయం పుస్తకాన్ని అరువు తెప్పించమని మీ గ్రంథపాలకుణ్ణి అడగవచ్చు.

ఇంట్లోంచే వెతకాలంటే మొదట వరల్డ్‌క్యాట్. ఏ పుస్తకం ప్రపంచంలో ఏ గ్రంథాలయంలో ఉందో చూపిస్తుంది. తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్. ఉచిత ఖాతా తెరిస్తే చాలా పుస్తకాలు తెర మీద గంట సేపు అరువిస్తారు, గడువు అయ్యాక మళ్ళీ తీసుకోవచ్చు. పాత తెలుగు పుస్తకాల స్కానులు కూడా అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మన తీరం మీద శాస్త్రీయ సమాచారం కావాలంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తన ప్రచురణలను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది.

అమెరికా, కెనడాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ విషయంలో గొప్ప వెసులుబాటు ఉంది. ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఈ–పుస్తకాలు, ఆడియో పుస్తకాలు వస్తాయి. లేనివాటిని వేరే ఊరి నుంచి తెప్పించే సదుపాయం చాలాచోట్ల ఉచితం. వాడుకోనివాళ్ళే ఎక్కువ. దయచేసి వాడుకోండి.

న్యూఫౌండ్‌లాండ్ చదివేవాళ్ళకు ఒక ప్రత్యేక సలహా. అక్కడి జాలర్ల ఇంగ్లీషు వేరు. చేపలు దించే కర్రల వేదికను స్టేజ్ అంటారు, ఎండబెట్టే పందిరిని ఫ్లేక్ అంటారు, దూరపు రేవు పల్లెను ఔట్‌పోర్ట్ అంటారు. 1982లో వెలువడిన న్యూఫౌండ్‌లాండ్ ఇంగ్లీషు నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పుస్తకం పక్కనే అది తెరిచి పెట్టుకుంటే సగం అడ్డంకులు తొలగిపోతాయి.

నాలుగో అడుగు: ముందు చేప, తరువాతే కుక్క

చదివే వరస చాలా ముఖ్యం. కుక్క పుస్తకంతో మొదలుపెట్టాలని మనసు లాగుతుంది. ఆగండి. మొదట ఆ దీవి ఏం పట్టింది, ఎలా అమ్మింది, డబ్బు ఎవరి చేతికి పోయింది అన్నది చదవండి.

న్యూఫౌండ్‌లాండ్ అంతా కాడ్ చేప మీద నిలబడిన దీవి. ఎండాకాలంలో పట్టిన చేపను కోసి, ఉప్పు పట్టించి, పందిళ్ళ మీద ఆరబెట్టేవాళ్ళు. ఈ ఒడ్డు పని చాలావరకు ఆడవాళ్ళది, పిల్లలది. వాన వస్తే పరుగున వచ్చి తిప్పి కప్పాలి. ఒక్క పూట అలసత్వంతో సీజన్ పంటంతా చెడిపోవచ్చు. మేలురకం చేప స్పెయిన్, పోర్చుగల్‌లకు పోయేది. నాసిరకం కరీబియన్ తోటల్లో బానిసల తిండిగా అమ్ముడయ్యేది. జాలరి చేతికి నగదు వచ్చేది కాదు. వసంతంలో షావుకారు ఉప్పు, పిండి, వల, తాళ్ళు అప్పుగా ఇచ్చేవాడు. శరదృతువులో చేప తీసుకుని లెక్క సరిచేసేవాడు. చేప నాణ్యత నిర్ణయించేదీ, ధర కట్టేదీ, అప్పు రాసేదీ ఒకే పక్షం. వడ్డీ వ్యాపారి దగ్గర పడవకు బయానా తీసుకున్న మన తీరంవాళ్ళకు ఈ లెక్క వివరించి చెప్పక్కర్లేదు.

ఈ లెక్క తెలిశాక కుక్కను చూడండి. నగదు లేని ఇంట్లో కూలివాణ్ణి పెట్టుకోలేరు. కుక్క పడవలో వల తాడు లాగింది, చలికాలంలో గడ్డకట్టిన నేల మీద వంటచెరకు బండి లాగింది. తిండికి ఖర్చు లేదు, చేప కోసినప్పుడు మిగిలే తలలూ పేగులే దాని కూడు. కాలి వేళ్ళ మధ్య చర్మం, నీళ్ళు అంటని రెండు పొరల వెంట్రుకలు, తెడ్డులాంటి దళసరి తోక వల్లే ఆ పనులన్నీ చేయగలిగింది. ఇవాళ నగరంలో ల్యాబ్రడార్ చెరువు కనబడగానే ఉరకడం, ఏది విసిరినా నోట పట్టుకొచ్చి చేతికివ్వడం, ఎంత పెట్టినా ఇంకా కావాలనడం చూసి మురిసిపోతాం. ఆ గుణాల్లో మొదటి రెండింటి వెనక ఆ మంచు రేవు పని ఉంది.

అయిదో అడుగు: ఒక నోటుపుస్తకం, కొన్ని ప్రశ్నలు

చేపల పల్లె పుస్తకంలో కుక్క అరుదుగా వస్తుంది కాబట్టి వచ్చిన ప్రతిచోటా పేజీ సంఖ్య రాసుకోండి. గ్రంథాలయ పుస్తకం మీద పెన్సిలుతో కూడా గీత గీయవద్దు. మీ తరువాత చదివేవాళ్ళ దృష్టిని మీ గీత లాగేస్తుంది. నోటుపుస్తకంలో ఈ ప్రశ్నలకు జవాబులు వెతకండి: కుక్కకు పేరుందా? తిండి ఎవరు పెడుతున్నారు? రాత్రి ఎక్కడ పడుకుంటోంది? దాని మీద పన్నుగానీ ఆంక్షగానీ ఉందా? మనుషులు దీవి వదిలేటప్పుడు దాని సంగతి ఏమైంది?

ఆంక్షల ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు చరిత్ర అక్కడే ఉంది. గొర్రెల పెంపకాన్ని ప్రోత్సహించడానికి 1780లో న్యూఫౌండ్‌లాండ్ గవర్నరు ఇంటికి ఒక్క కుక్కనే ఉంచుకోవాలన్నాడు. 1885లో గొర్రెల రక్షణ పేరుతో చట్టమే వచ్చింది. ఇంగ్లండులో విదేశీ కుక్కల మీద పెట్టిన క్వారంటైన్ నిబంధనలు రెండో దెబ్బ. కుక్కల పుస్తకాలు జాతి అంతరించిందని ఒక వాక్యంలో చెప్పి ముగిస్తాయి. చట్టాల చరిత్ర పక్కన పెట్టుకుంటే ఒక కుక్కజాతి ఎవరి నిర్ణయాలతో కరిగిపోయిందో కనబడుతుంది.

మరో ప్రశ్న ఎప్పుడూ అడగాలి: ఈ కథ మొదట ఎవరు చెప్పారు? 1919 డిసెంబరులో ఎథీ అనే స్టీమరు న్యూఫౌండ్‌లాండ్ పడమటి తీరంలో రాళ్ళకు కొట్టుకుంది. అందులో ఉన్న 92 మందీ బతికారు. ఒక పసిబిడ్డను తపాలా సంచిలో పెట్టి తాడు మీద ఒడ్డుకు చేర్చారు. ఒడ్డుకూ ఓడకూ మధ్య ఆ తాడును ఉప్పొంగే అలల్లో ఈదుకుంటూ తెచ్చింది ఒక కుక్క అని పత్రికలు రాశాయి, న్యూఫౌండ్‌లాండ్ కవి ఇ.జె. ప్రాట్ దాని మీద పద్యం రాశాడు. తరువాత వచ్చిన కథనాలు మాత్రం కుక్క పాత్ర విషయంలో ఒకదానితో ఒకటి పొసగవు. ఇలాంటి చోట కథను కొట్టిపారేయకండి, అలాగని కళ్ళు మూసుకుని నమ్మకండి. రెండు మూడు పుస్తకాల్లో ఆ ఘట్టాన్ని పక్కపక్కన చదివి, చూసినవాళ్ళు చెప్పింది ఏది, విన్నవాళ్ళు రాసింది ఏది అని వేరు చేయండి. కుక్క ఏం చేసిందో తేలకపోయినా, ఊరివాళ్ళు చలిలో ఏం చేశారో అందరి కథనాల్లోనూ ఒక్కలాగే ఉంటుంది. పుస్తకాల్లో దానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆరో అడుగు: రాసినవాళ్ళు లోపలివాళ్ళా, బయటివాళ్ళా

కెనడా రచయిత ఫార్లీ మోవాట్ ఈ అంశానికి చక్కని పాఠం. 1957లో తన చిన్ననాటి కుక్క మట్ మీద "ది డాగ్ హూ వుడంట్ బి" రాశాడు. అది మైదాన ప్రాంతమైన సస్కాచెవాన్ కథ. తరువాత న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళి, ఒక మొండి పడవ మీద 1969లో "ది బోట్ హూ వుడంట్ ఫ్లోట్" రాశాడు. బర్జియో అనే చేపల ఊళ్ళో కాపురం పెట్టి, 1967లో అక్కడి మడుగులో చిక్కుకున్న తిమింగలాన్ని కొందరు కాల్చడం చూసి పోరాడాడు, దాని మీద 1972లో పుస్తకం తెచ్చాడు. ఆ గొడవతో ఊరితో సంబంధం చెడింది. మూడింటినీ వరసగా చదివి చూడండి. కుక్క విషయంలో ఆయన లోపలివాడు, తన ఇల్లే రాస్తున్నాడు. చేపల పల్లె విషయంలో ఎంత ప్రేమ ఉన్నా వచ్చిపోయినవాడు. ఆ ఊరివాళ్ళు తమ గురించి తాము రాసుకుంటే ఆ తిమింగలం కథ ఇంకోలా ఉండేది. ఇది మోవాట్ తప్పని అనడం లేదు. తిమింగలం పక్షాన నిలబడటం గొప్ప పని. కానీ ఒక ఊరిని ఒక్కరి కోపంలోంచే చూడటం ఆ ఊరికి న్యాయం కాదు.

లోపలివాళ్ళ గొంతుకు బ్లాస్కెట్ దీవి టోమాస్ ఓ క్రివిన్ ఉన్నాడు. జాలరి, ఐరిష్ భాషలో ఆయన ఆత్మకథ 1929లో వచ్చింది, రాబిన్ ఫ్లవర్ ఇంగ్లీషు అనువాదం 1934లో. ఆయన రాయడానికి ప్రేరణ ఎక్కడిదో తెలుసా? ఆ దీవికి ఐరిష్ నేర్చుకోవడానికి వచ్చిన బ్రియన్ ఓ కెల్లీ అనే మిత్రుడు ఆయనకు గోర్కీ రచనలు, ఫ్రెంచి రచయిత పియర్ లోటీ రాసిన జాలర్ల నవల చదివి వినిపించాడు. మామూలు మనుషుల బతుకు కూడా పుస్తకం అవుతుందని ఆయనకు అలా తెలిసింది. ఎక్కడో ఫ్రాన్సులోని బ్రెటనీ జాలర్ల కథ విని ఐర్లండు జాలరి తన కథ రాశాడు. మీరు చదివి వినిపించే పుస్తకం మీ ఊరి రేవులో కూర్చున్న ఎవరి చేత ఏం రాయిస్తుందో! నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా బోలెడు ఆశ కలుగుతుంది.

కుక్క చిత్రాలు, పద్యాలు కూడా బయటివాళ్ళ చూపే. 1808లో చనిపోయిన తన న్యూఫౌండ్‌లాండ్ కుక్క బోట్స్‌వెయిన్‌కు కవి బైరన్ సమాధి కట్టించాడు. 1831లో ఇంగ్లండు చిత్రకారుడు ల్యాండ్‌సీర్ రేవు గట్టు మీద రాజసంగా పడుకున్న తెలుపు నలుపు కుక్కను గీశాడు. ఆ కాలంలోనే వాటి బంధువులు అవతలి ఒడ్డున చేప తలలు తిని కట్టెల బండి లాగుతున్నాయి.

ఏడో అడుగు: దీవి ఖాళీ అయ్యే అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి

దాదాపు ప్రతి దీవి పుస్తకంలోనూ మనుషులు వెళ్ళిపోయే అధ్యాయం ఒకటి ఉంటుంది. చివర ఉంటుంది కాబట్టి గబగబా తిప్పేస్తాం. కుక్క ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంటుంది.

1930 ఆగస్టు 29న సెయింట్ కిల్డాలో మిగిలిన 36 మందీ దీవి వదిలారు. గొర్రెల్ని, పశువుల్ని ముందే ఓడెక్కించారు. అవి అమ్ముకోదగ్గ ఆస్తి. ఏళ్ళ తరబడి ఆ గొర్రెల్నే మళ్ళేసిన కుక్కల్ని మాత్రం సముద్రంలో ముంచి చంపేశారు. వాళ్ళను క్రూరులని తేల్చేయకముందు ఆ వారంలో వాళ్ళ ముందున్న దారులేమిటో చరిత్ర పుస్తకాల్లో వెతికి చదవండి. చదివాక కూడా ఆ కుక్కల కోసం మనసు మండుతుంది. మండాలి కూడా. పిల్లలకు ఈ దీవి మొదటి ఎంపిక కాకూడదని నేననేది అందుకే.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఇది దశాబ్దాలు సాగింది. 1954 నుంచి 1975 వరకు ప్రభుత్వ పథకాల కింద సుమారు 30,000 మంది తమ రేవు పల్లెలు వదిలి పెద్ద ఊళ్ళకు మారారు. కొందరు ఇళ్ళనే నీళ్ళ మీద తేలేసి పడవలతో లాక్కెళ్ళారు. ఫోగో దీవి మాత్రం నిలబడింది. 1967లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ నుంచి కోలిన్ లో వచ్చి, దీవివాళ్ళు మాట్లాడిందే చిన్న చిన్న చిత్రాలుగా తీసి వాళ్ళకే చూపించాడు. ఒక రేవువాళ్ళ గోడు ఇంకో రేవువాళ్ళు విన్నారు. సహకార సంఘం పెట్టుకుని, సొంతంగా చేపను అమ్ముకోవడం మొదలుపెట్టి దీవిలోనే ఉండిపోయారు. ఆ చిత్రాలు సంస్థ వెబ్‌సైటులో చూడవచ్చు. పుస్తకంతో పాటు తప్పక చూడండి. ముఖాలు, చేతులు, గాలి హోరు పుస్తకంలో దొరకవు.

తరువాత 1992 జులై 2 వస్తుంది. కాడ్ నిల్వలు అడుగంటి కెనడా ప్రభుత్వం వేటను నిషేధించింది. దాదాపు 30,000 మంది ఒక్కసారిగా పని కోల్పోయారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఎంత బరువో తెలిసినవాళ్ళు, రెండేళ్ళని చెప్పి ముప్పయ్యేళ్ళు దాటిన నిషేధాన్ని ఊహించుకోవచ్చు. 2024లోగానీ అది ఎత్తేయలేదు. 1992కు ముందు రాసిన పుస్తకమా, తరువాత రాసిందా అని ముందే ప్రచురణ సంవత్సరం చూసుకోండి. ముందు రాసినవాటిలో సముద్రం తరగని గని. తరువాతి వాటిలో అదే రేవులో పడవలు బోర్లించి ఉంటాయి.

ఎనిమిదో అడుగు: పిల్లలతో, బృందంతో చదివేటప్పుడు

కుక్క కథ చదువుతుంటే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "చివర్లో కుక్క చచ్చిపోతుందా?". అబద్ధం చెప్పవద్దు. పెద్దవాళ్ళు ముందుగా చివరి అధ్యాయం చదివి ఉంచుకోవాలి. చనిపోతుందంటే చెప్పండి, ఎలా అన్నది మాత్రం కథకే వదిలేయండి. తెలిసి వినే పిల్లలు భయపడకుండా కుక్క బతికిన రోజుల మీద మనసు పెడతారు.

గ్రంథాలయంలో నెలకోసారి చదువరుల సమావేశం పెట్టగలిగితే ఒక దీవికి మూడు సమావేశాలు చాలు. మొదటిది పని గురించి, రెండోది కుక్క గురించి, మూడోది దీవి వదలడం గురించి. తీరప్రాంత ఊళ్ళలో అయితే వేటకు వెళ్ళే పెద్దవాళ్ళను తప్పక పిలవండి. వల, గాలి, నీటివాలు గురించి పుస్తకం చెప్పిన మాట సరైనదా కాదా అని వాళ్ళే చెప్పగలరు. పుస్తకాలు మనుషుల దగ్గరికి వెళ్ళడం మనకు కొత్త కాదు. 1935లోనే పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. రేవు దగ్గరి సమావేశానికి ఒక సంచీ పుస్తకాలు చాలు.

చివరి అడుగు: లేని పుస్తకాన్ని అడగండి

ఇంత వెతికాక మీ గ్రంథాలయంలో ఏది లేదో మీకు బాగా తెలుస్తుంది. మనం కట్టే ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం కూడా కడుతున్నాం, కాబట్టి అడగడం మన హక్కు. సూచనల పుస్తకంలో "దీవుల పుస్తకాలు కొనండి" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, ఐఎస్‌బీఎన్, ధర, ఎంతమంది చదువుతారు అన్నవి రాసి, మీతో చదివేవాళ్ళ సంతకాలు కూడా పెట్టించండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు ప్రతి పంపండి. ఒకేసారి పది పేర్లు వద్దు, రెండు చాలు: పని గురించి ఒకటి, కుక్క గురించి ఒకటి. అవి వచ్చాక తదుపరి రెండు అడగండి.